ఇరవై సెకన్ల చరిత్ర: బురైదా దంతవైద్యశాలల్లో నీలికాంతి

సౌదీ అరేబియా నడిబొడ్డున, నజ్ద్ పీఠభూమి ఉత్తర భాగంలో, వాదీ అల్-రుమ్మా అనే ఎండిన నదీలోయకు చేరువలో ఉన్న బురైదా నగరం అల్-కసీమ్ ప్రాంతానికి రాజధాని. ఖర్జూరపు తోటలకూ ఒంటెల సంతకూ ఎంతోకాలంగా పేరుపడ్డ ఈ ఊరు దంతవైద్య విద్యకు కేంద్రమైంది మాత్రం ఈ శతాబ్దంలోనే. 2004లో ఏర్పడిన కసీమ్ విశ్వవిద్యాలయపు దంతవైద్య కళాశాల గానీ, ప్రైవేటు రంగంలో వెలసిన బురైదా కళాశాలల దంతవైద్య విభాగం గానీ పాఠం మొదలుపెట్టే నాటికి, పుచ్చిన పన్నును తొలిచి, లోపల పలుచని బంధక ద్రవం పూసి, పంటి రంగులో ఉండే కాంపోజిట్ అనే ముద్దను నింపి, నీలికాంతితో గట్టిపరచే పద్ధతి ప్రపంచమంతటా స్థిరపడిపోయింది. అందువల్ల ఇక్కడి విద్యార్థి చేతికి ఎక్కువగా అందినది ఎల్ఈడీ దీపం, ఆ దీపంలో తయారీదారు ముందే అమర్చి పెట్టిన పది, ఇరవై సెకన్ల మీటలు. ఆ అంకెలు ఎక్కడ పుట్టాయి, ఏ దీపానికి ఏ పదార్థానికి లెక్కకట్టినవి, నేటి బంధక ద్రవానికి ఎంతవరకు సరిపోతాయి అని వెదికితే, వాటిలో ప్రయోగశాల నుంచి వచ్చినది ఎంతో, చేతి అలవాటు నుంచి వచ్చినదీ ఇంచుమించు అంతే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈ ప్రాంతానికి పంటి వైద్యం కొత్త కాదు, కాని అది వేరే రకం వైద్యం. అరాక్ చెట్టు వేరు ముక్కను నమిలి కుంచెగా చేసుకుని పళ్లు తోముకునే మిస్వాక్ అలవాటు, తెలుగునాట వేపపుల్ల, కానుగపుల్ల వాడకం వలెనే, అక్కడ తరతరాలుగా నిత్యకృత్యం. మిస్వాక్‌కు మతపరమైన మన్నన కూడా తోడైంది. పదో శతాబ్దంలో కార్డోబా నగరంలో వైద్యం చేసిన అల్-జహ్రావీ తన వైద్య సంకలనంలోని శస్త్రచికిత్స భాగంలో, పంటిపై పేరుకున్న గారను గీకే పనిముట్లను బొమ్మలతో వివరించాడు, కదిలే పళ్లను బంగారు తీగతో కట్టే విధానమూ చెప్పాడు. నజ్ద్ పల్లెల్లో మాత్రం పుస్తక వైద్యం కంటే కాల్చిన ఇనుముతో వాత పెట్టడమూ, నొప్పి పెట్టే పన్నును లాగివేయడమూ ఎక్కువ. డమాస్కస్, బాగ్దాద్, కైరో సంతలకు ఒంటెలనూ గుర్రాలనూ తోలుకుపోయిన ఉకైలాత్ అనే బురైదా బిడారు వర్తకుల ద్వారా బయటి ప్రపంచపు వస్తువులు, వార్తలు ఊరికి చేరేవి. బయటి వైద్యుడి కంటే ముందు వైద్యుడి వేషం ఈ దారిన వచ్చింది: 1862లో ఇంగ్లీషు యాత్రికుడు విలియం గిఫర్డ్ పాల్‌గ్రేవ్ సిరియా హకీమునని చెప్పుకుని బురైదాలో బస చేశాడు, 1878లో చార్లెస్ డౌటీ మందుల సంచితో వచ్చి, ఊళ్లో నిలవనీయకపోవడంతో పొరుగున ఉన్న ఉనైజాకు చేరాడు. రియాద్‌లో దేశపు మొదటి దంతవైద్య కళాశాల 1975లో గాని మొదలు కాలేదని గుర్తుంచుకుంటే, బురైదాకు ఆధునిక దంతవైద్యం ఎంత ఆలస్యంగా, ఎంత ఒక్కసారిగా వచ్చిందో అర్థమవుతుంది.

ఆ ఆలస్యం వల్ల బురైదా కళాశాలలు మొదటి నుంచీ చూడని దశ ఒకటి ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా దంతవైద్యుడు జి.వి. బ్లాక్ స్థిరపరచిన సూత్రాల ప్రకారం, పంటిలో నింపిన పదార్థం నిలవడానికి కారణం అంటుకోవడం కాదు, గుంట ఆకారం. పాదరసంలో వెండి, తగరం, రాగి పొడిని కలిపి చేసే అమాల్గమ్ ముద్ద జారిపోకుండా ఉండటానికి గుంటను కుండలాగా మెడ ఇరుకుగా, కడుపు వెడల్పుగా తొలిచేవారు; అందుకోసం చెడని పంటి భాగాన్ని కూడా బలి ఇచ్చేవారు. అమాల్గమ్ తనంతట తాను గట్టిపడుతుంది. పూర్తి బలం రావడానికి ఒక రోజు పట్టేది కనుక ఆ పక్క నమలవద్దని చెప్పి పంపేవారు, అంతకుమించి కాలంతో వైద్యుడికి నిమిత్తం లేదు.

కాలం సమస్యగా మారింది అంటుకునే పదార్థాలతోనే. స్విట్జర్లాండులో ఆస్కర్ హాగర్ 1940ల చివర గ్లిసరోఫాస్ఫారిక్ ఆమ్లపు మెథాక్రిలేట్‌తో పంటికి అంటే రెసిన్‌ను తయారుచేయగా, అది సెవ్రిటన్ అనే పేరుతో మార్కెట్టుకు వచ్చింది. నోటి తడిని తట్టుకోలేక ఆ బంధం ఎక్కువకాలం నిలవలేదు. 1955లో అమెరికాలోని రాచెస్టర్ నగరంలో మైఖేల్ బ్యూనోకోర్ మరో దారి పట్టాడు. ఇనుప రేకులకు రంగు బాగా పట్టడానికి ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లం పూసే పరిశ్రమల పద్ధతిని గమనించి, పంటి పై పొర అయిన ఎనామిల్ మీద 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని 30 సెకన్లు ఉంచి కడిగితే, ఆమ్లం తిన్న సూక్ష్మ రంధ్రాల్లోకి ఆక్రిలిక్ రెసిన్ చొరబడి, మామూలు పంటిపై కంటే ఎన్నో రెట్లు ఎక్కువకాలం అంటిపెట్టుకుంటుందని చూపాడు. ఎచింగ్ అని నేడు దంతవైద్యులందరూ పిలిచే పని ఇదే. ఆమ్లం గాఢత 37 శాతం చుట్టుపక్కలకు తగ్గినా మూల సూత్రం మారలేదు. పంటికి సంబంధించిన సెకన్ల లెక్క కాంతితో కాక ఆమ్లంతోనే మొదలైందన్నమాట.

1962లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసిన రాఫెల్ బోవెన్ బిస్-జిఎంఎ అనే పెద్ద అణువుకు పేటెంటు పొందాడు. గాజుపొడి కలిపిన ఈ రెసినే నేటి కాంపోజిట్లకు తల్లి. తొలి కాంపోజిట్లు రెండు ముద్దలుగా వచ్చేవి. ఒకదానిలో పెరాక్సైడ్, రెండోదానిలో అమీన్ ఉండి, రెండూ కలిసిన క్షణం నుంచే గట్టిపడటం మొదలయ్యేది. కలిపేటప్పుడు గాలిబుడగలు చేరేవి, నింపడం ఆలస్యమైతే ముద్ద చేతిలోనే బిగిసేది, అమీన్ వల్ల కొన్నాళ్లకు పంటిలో నింపినది పసుపుబారేది. ఎప్పుడు గట్టిపడాలో నిర్ణయించే అధికారం రసాయనానిదే తప్ప వైద్యుడిది కాదు. ఆ అధికారాన్ని వైద్యుడి చేతికి తెచ్చింది కాంతి.

మొదట వచ్చినది కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి. 1970లో బ్యూనోకోరే పిల్లల దవడ పళ్ల గాళ్లను మూసే సీలెంట్‌ను 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలిగే దీపంతో గట్టిపరచి ఫలితాలు ప్రకటించాడు. కాక్ సంస్థ నువా-సీల్ పేరుతో దాన్ని అమ్మింది. ఆ కాంతి పంటి పదార్థంలోకి లోతుగా వెళ్లేది కాదు, దీపం వేడెక్కడానికి సమయం పట్టేది, కళ్లకు హాని అనే భయం వదిలేది కాదు. అసలు మలుపు మాంచెస్టర్‌లో వచ్చింది. బ్రిటన్ రసాయన పరిశ్రమ ఐసిఐలోని శాస్త్రజ్ఞులు కర్పూరంతో రసాయన బంధుత్వం గల కాంఫర్‌క్వినోన్ అనే పసుపు పదార్థాన్ని అమీన్‌తో జతచేసి, కనిపించే నీలికాంతికే రెసిన్ బిగిసే మిశ్రమాన్ని రూపొందించారు. 1976 ఫిబ్రవరి 24న మాంచెస్టర్ టర్నర్ దంతవైద్య విద్యాలయంలో మొహమ్మద్ బస్సియూనీ అనే వైద్యుడు ఐసిఐలో దంతపదార్థాల అభివృద్ధిని చూస్తున్న జాన్ యర్న్ పంటిలోనే మొదటిసారి కనిపించే కాంతితో గట్టిపడిన కాంపోజిట్‌ను నింపాడు. కొత్త పదార్థాన్ని తయారుచేయించినవాడే తన పన్ను అప్పగించడం వైద్యచరిత్రలో అరుదైన నిజాయతీ.

ఆ నీలికాంతి కింద జరిగేది తెలిస్తేనే సెకన్ల వాదం అర్థమవుతుంది. కాంఫర్‌క్వినోన్ అణువు 468 నానోమీటర్ల దగ్గరి నీలికాంతిని అన్నిటికంటే ఎక్కువగా పీల్చుకుంటుంది. కాంతి పీల్చుకుని ఉద్రేకించిన అణువు పక్కనున్న అమీన్ నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కోవడంతో జత లేని ఎలక్ట్రాన్ గల రాడికల్ అనే చురుకైన ముక్క పుడుతుంది. అది రెసిన్ అణువులోని కార్బన్ జంటబంధాన్ని తెరిచి దానికి అతుక్కుంటుంది, ఆ అణువు మరొకదాన్ని తెరుస్తుంది, ఇలా గొలుసు పెరిగి ద్రవం జెల్లీగా, జెల్లీ గట్టి పదార్థంగా మారుతుంది. గట్టిపడిన కొద్దీ మిగిలిన అణువులకు కదలడానికి చోటు తగ్గుతుంది కనుక, జంటబంధాలన్నీ ఎన్నటికీ తెరుచుకోవు. మంచి కాంపోజిట్‌లోనూ సగం నుంచి మూడొంతుల వరకే తెరుచుకుంటాయి. ఈ వంతునే పరివర్తన స్థాయి అంటారు. అది తక్కువైతే మిగిలిపోయిన మోనోమర్లు, అంటే గొలుసులో చేరని చిన్న అణువులు, నీటిలో కరిగి బయటికి వస్తాయి, పూత మెత్తగా మిగులుతుంది.

కాంపోజిట్ విషయంలో చిక్కు లోతు. దంతవైద్యులు బాండ్ అని పిలిచే బంధక ద్రవం విషయంలో, విచిత్రంగా, చిక్కంతా పలుచదనం. పంటిపై పూసి గాలి ఊదిన బాండ్ పొర మందం చాలాసార్లు మిల్లీమీటరులో వందో వంతు చుట్టుపక్కలే ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ రాడికల్‌ను రెసిన్ కంటే ముందుగా పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది కనుక, ఏ రెసిన్ పైపొరనైనా కొద్ది మైక్రాన్ల మేర గట్టిపడనివ్వదు. రెండు మిల్లీమీటర్ల కాంపోజిట్‌కు అది లెక్కలోది కాకపోయినా, పలుచని బాండ్‌కు మాత్రం ఒంట్లో పెద్ద భాగమే పచ్చిగా మిగిలినట్టవుతుంది. దానికి తోడు బాండ్‌లో అసిటోన్, ఆల్కహాల్, నీరు వంటి ద్రావకాలు ఉంటాయి. అవి రెసిన్‌ను తడి పంటిలోకి మోసుకుపోవాలి, ఆ తర్వాత గాలితో ఎగిరిపోవాలి. ఎగరకుండా మిగిలితే రాడికళ్లను అణువులకు దూరం చేసి గొలుసును తెంపుతాయి. ఎనామిల్ కింద ఉండే డెంటిన్ సజీవమైన, సన్నని గొట్టాలతో నిండిన, ఎప్పుడూ తడిగా ఉండే పొర. 1979లో టోక్యోలో తకావో ఫుసయామా డెంటిన్‌కు కూడా ఆమ్లం పూయవచ్చని వాదించడం, 1982లో నోబువో నకబయాషీ ఆమ్లం తిన్న డెంటిన్‌లోని కొల్లాజెన్ నారల మధ్య రెసిన్ అల్లుకుపోయి ఏర్పడే సంకర పొరను వివరించడం జరిగాక, ఆ తడి నేలలో గట్టిపడవలసిన భారమంతా బాండ్ మీద పడింది. ఇన్ని అడ్డంకుల మధ్య దానికి ఇచ్చే కాంతికాలం కాంపోజిట్‌కు ఇచ్చేదానిలో సగమో, ఇంకా తక్కువో. సీసాల మీద పది సెకన్లు అని అచ్చయి ఉండటమే చాలామందికి ప్రమాణం.

ఆ అంకెలకు మూలమైన దీపం హాలోజన్ దీపం. క్వార్ట్జ్ గాజులో టంగ్‌స్టన్ తీగ, ముందు నీలికాంతిని మాత్రమే పోనిచ్చే వడపోత గాజు, వెనుక గాలి పంకా. 1980లు, 1990లలో ప్రపంచమంతా దీనితోనే పని చేసింది. చదరపు సెంటీమీటరుకు 400 మిల్లీవాట్ల కాంతి అందితే, రెండు మిల్లీమీటర్ల మందమైన కాంపోజిట్‌కు నలభై సెకన్లు చాలునని అనుభవం మీదా కొలతల మీదా ఏర్పడిన నియమం. శక్తి పరిభాషలో చెబితే అది చదరపు సెంటీమీటరుకు 16 జౌల్‌లు. ఈ 16 అన్నది పంటి నుంచి గాని, బాండ్ నుంచి గాని పుట్టిన అంకె కాదు, ఆనాటి దీపాన్ని ఆనాటి ఓపికతో గుణిస్తే వచ్చిన అంకె. పైగా హాలోజన్ బల్బు వాడేకొద్దీ మసకబారుతుంది, వడపోత గాజు వేడికి పొక్కుతుంది, కాంతిని మోసే గాజుకడ్డీ కొనకు ఎండిన రెసిన్ అంటుకుంటుంది. ఇవన్నీ జరుగుతున్నా కంటికి నీలివెలుగు మునుపటిలాగే కనిపించడం వల్ల వైద్యుడికి అనుమానం రాదు. 1990లలో అమెరికాలో ప్రైవేటు క్లినిక్‌ల దీపాలను కొలిచి చూసినప్పుడు చాలినంత కాంతి ఇవ్వనివి గణనీయంగా తేలాయి.

తెలుగునాట ఈ కథకు కరెంటు తోడైంది. హాలోజన్ తీగ వెలుగు వోల్టేజీతో పాటు, దానికంటే వేగంగా, పడిపోతుంది. లో-వోల్టేజీ మామూలైన జిల్లా పట్టణాల్లో దీపం పక్కన స్టెబిలైజర్ పెట్టుకోని క్లినిక్‌లో నలభై సెకన్లు నిజంగా ఎన్ని సెకన్ల పని చేసిందో చెప్పే సాధనం ఉండేది కాదు. 1959లో హైదరాబాదులో మొదలైన ప్రభుత్వ దంతవైద్య కళాశాల నుంచీ, 1990ల తరువాత ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో వరసగా వెలసిన ప్రైవేటు కళాశాలల నుంచీ బయటికి వచ్చిన పట్టభద్రులలో చాలామంది గల్ఫ్ దారి పట్టారు. సౌదీ ఆసుపత్రుల్లో, పాలీక్లినిక్‌లలో, బోధనా పదవుల్లో భారతీయ దంతవైద్యులు, వారిలో తెలుగువారు, ఈనాటికీ కనిపిస్తారు. అమాల్గమ్‌తో చదువు మొదలుపెట్టి, హాలోజన్ కింద చేయి తిప్పుకుని, ఎల్ఈడీకి మారిన తరం వారిది. కసీమ్‌లో చదువుకున్న స్థానిక తరానికి ఆ మధ్య మెట్లు చాలావరకు లేవు. రెండు తరాలూ ఒకే కుర్చీ పక్కన నిలబడి, ఒకరు అలవాటు కొద్దీ ఇరవై లెక్కపెడితే, మరొకరు దీపం బీప్ అనగానే చేయి తీస్తారు.

దీపాలు వేగం అందుకోవడం 1990లలోనే మొదలైంది. ఆర్గాన్ లేజర్ వచ్చింది. 1998 ప్రాంతంలో ప్లాస్మా ఆర్క్ దీపాలు మూడు సెకన్లలో పని పూర్తి అన్న ప్రచారంతో వచ్చి, ధరతోనూ వేడితోనూ వెనక్కి తగ్గాయి. అంతకుముందే జపానులోని నిచియా సంస్థలో షుజి నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని సాధించడం దంతవైద్యానికి అనుకోని వరమైంది. ఆ పనికి నకమురాకు, ఇసాము అకసాకీ, హిరోషి అమానోలతో కలిపి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. నీలి ఎల్ఈడీ వెలుగు కాంఫర్‌క్వినోన్ కోరే తరంగాల చుట్టూనే గుమికూడి ఉంటుంది కనుక వడపోత అక్కరలేదు, పంకా అక్కరలేదు, బ్యాటరీతో నడుస్తుంది. 2000 ప్రాంతంలో మార్కెట్టుకు వచ్చిన తొలి ఎల్ఈడీలు బలహీనమైనవే అయినా, పదేళ్లలో చదరపు సెంటీమీటరుకు 1000 మిల్లీవాట్లు దాటాయి. రియాద్ పరిశోధకులు ప్రభుత్వ ఆరోగ్య సంస్థల్లోని దీపాలను కొలిచి 2011లో ప్రచురించిన ఫలితాల్లో, హాలోజన్ దీపాల్లో ఎక్కువ భాగం చాలినంత కాంతి ఇవ్వడం లేదని, ఎల్ఈడీలు చాలా మెరుగని తేలింది. అంటే బురైదా కళాశాలలు తమ తొలి పట్టభద్రులను తయారుచేస్తున్న రోజుల్లోనే దేశం ఒక దీపాన్ని వదిలి మరో దీపానికి మారుతోంది.

కాంతి రెండింతలైతే కాలం సగం చాలునా? గుణకారం సమానమైతే ఫలితమూ సమానమన్న ఈ ఊహను పరస్పరత నియమం అంటారు. అది ఫొటోగ్రఫీ నుంచి వచ్చిన ఆలోచన. 2003లో ముసాంజే, డార్వెల్ అనే పరిశోధకులు కాంపోజిట్లపై దీన్ని పరీక్షించి, ఈ నియమం అన్ని పదార్థాలకూ నిలవదని చూపారు. కారణం కష్టమైనది కాదు. కాంతి ఒక్కసారిగా ఎక్కువైతే రాడికళ్లు కుప్పలుగా పుట్టి, రెసిన్ అణువులను వెదకడం మాని ఒకదానితో ఒకటి కలిసి ఆరిపోతాయి. గొలుసులు పొట్టివవుతాయి, పదార్థం త్వరగా బిగుసుకుని లోపలి అణువులను కదలనివ్వదు. కనుక పది సెకన్లలో ఇచ్చిన 16 జౌల్‌లు, నలభై సెకన్లలో ఇచ్చిన 16 జౌల్‌లు రెండూ ఒకటే అని ముందే తీర్మానించడానికి లేదు. దీపం కొనేటప్పుడు వినిపించే అంకెలు మాత్రం ఈ గుణకారం మీదే నడుస్తాయి, అమ్మేవాడికి అది అనుకూలం.

బంధక ద్రవాల మీద పని చేసిన వారు, ముఖ్యంగా ఇటలీ, హాంకాంగ్, అమెరికా బృందాలు, 2000 తరువాతి దశాబ్దంలో ప్రశ్నను ఇంకో వైపు నుంచి వేశారు. ఫ్రాంక్లిన్ టే, డేవిడ్ పాష్లీ 2002లో, ఒకే సీసాలో అన్నీ కలిపిన సరళ బంధక ద్రవాలు గట్టిపడ్డాక కూడా నీటిని తమ గుండా పోనిస్తాయని, అవి పొర కాదు జల్లెడ పొర అని చూపారు. 2005 తరువాత మిలేనా కదెనారో, లొరెంజో బ్రెస్కీ వంటివారు అదే ద్రవాలకు తయారీదారు చెప్పినదానికంటే రెండు, మూడు రెట్లు ఎక్కువసేపు కాంతినిస్తే పరివర్తన స్థాయి పెరిగి, నీరు కారడం తగ్గుతుందని చూపారు. కాలం పెంచినంత మాత్రాన ఒకే సీసా ద్రవం, విడిగా పూసే నీరంటని రెసిన్ అంత మంచిదవలేదు. కాని పది సెకన్లకూ నలభై సెకన్లకూ తేడా కొలతకు అందేంత ఉంది. అంటించిన బంధాన్ని లాగి తెంచి చూసే బంధబల పరీక్షల్లో ఫలితం ఇంత సూటిగా ఉండదు. కొన్ని ద్రవాలకు ఇరవై సెకన్లకు మించి ఇచ్చినా మొదటి రోజు బలం పెరగలేదు, కొన్నిటికి పెరిగింది. మొదటి రోజు బలాన్నే చూసి కాలాన్ని నిర్ణయించడం పొరపాటు: పచ్చిగా మిగిలిన బాండ్‌లోకి నెలల తరబడి నీరు చేరి, రెసిన్‌ను కరిగించి, పంటిలోనే ఉండే ఎంజైములు బట్టబయలైన కొల్లాజెన్‌ను కొరికి వేసినప్పుడే అసలు నష్టం బయటపడుతుంది, అప్పటికి కాంతి ఎన్ని సెకన్లు పడిందో అడిగేవారుండరు.

అలాగని సెకన్లను ఎడాపెడా పెంచడానికీ లేదు. 1965లో జాక్, కోహెన్ అనే పరిశోధకులు కోతుల పళ్ల మీద చేసిన ప్రయోగంలో, పంటి గుజ్జు వేడి 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడు పదిహేను శాతం పళ్లలో గుజ్జు కోలుకోలేదు. బాండ్‌కు కాంతినిచ్చే వేళ పంటి లోతైన గుంట అడుగున మిగిలేది పలుచని డెంటిన్ మాత్రమే, మధ్యలో వేడిని అడ్డే కాంపోజిట్ ఇంకా చేరి ఉండదు. పైగా అదే గుంట అడుగు దీపం కొనకు ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల దూరంలో ఉండి, చాలా దీపాల కాంతి ఆ దూరానికి బాగా పలచబడుతుంది. ఒకవైపు అక్కడే ఎక్కువ కాలం కావాలి, మరోవైపు అక్కడే వేడి ప్రమాదం. మధ్యలో గాలి ఊదుతూ, ఆపి ఆపి ఇవ్వడమే అనుభవజ్ఞుల మార్గం. కెనడాలోని హాలిఫాక్స్ నగరంలో రిచర్డ్ ప్రైస్ పంటి గుంటల్లో కాంతి గ్రాహకాలు అమర్చిన నమూనా నోటిని వాడి, ఒకే దీపాన్ని ఒకే కాలం పట్టుకున్న విద్యార్థులు పంటికి అందించే శక్తిలో ఎంతో తేడా ఉంటుందని, కళ్లకు నారింజరంగు అద్దం పెట్టుకుని దీపం కొనను చూస్తూ పట్టుకోవడం నేర్పితే ఆ తేడా తగ్గుతుందని నిరూపించాడు. నీలివెలుగు కళ్లలో పడుతుందని తల పక్కకు తిప్పుకునే అలవాటు ఒక్కటే సగం సెకన్లను వృథా చేయగలదు.

కసీమ్‌లో ఈ సాధారణ సూత్రాలకు స్థానిక చిక్కులు కలుస్తాయి. వేసవిలో బురైదా పగటి వేడి 45 డిగ్రీల దాకా పోతుంది. అసిటోన్, ఆల్కహాల్ ద్రావకాలుగా గల బాండ్ సీసా చల్లని చోట ఉండకపోతే, మూత తరచూ తెరిచి ఉంచితే, ద్రావకం ఎగిరిపోయి ద్రవం చిక్కబడుతుంది, పొర మందం మారుతుంది, అప్పుడు సీసా మీది పది సెకన్లు వేరొక ద్రవానికి రాసినవవుతాయి. రెండోది నీరు. పొరుగున ఉన్న హాయిల్ ప్రాంతపు గ్రామాల్లో బావి నీటి ఫ్లోరైడ్ వల్ల పిల్లల పళ్లపై మచ్చలు పడటం 1997 నాటి అధ్యయనంలో నమోదైంది. తెలుగునాట ఈ వ్యాధి 1937లో నాటి నెల్లూరు జిల్లాలో శాస్త్రీయంగా గుర్తింపు పొంది, ఆ తరువాత నల్గొండ పేరుతో దేశమంతటా తెలిసింది. ఫ్లోరైడ్ చేరిన ఎనామిల్ ఆమ్లానికి తేలికగా లొంగదు. అలాంటి పన్నుకు ఎక్కువసేపు ఆమ్లం పెట్టాలన్నది నల్గొండ ప్రాంతంలో చదివిన వైద్యుడికి పాఠ్యపుస్తకం అవసరం లేని విషయం, కసీమ్‌లో ఆ అనుభవం సూటిగా పనికొస్తుంది. బాండ్ కింద నేల సరిగా సిద్ధం కాకపోతే ఎన్ని సెకన్ల కాంతి ఇచ్చినా అది గట్టిపడుతుందే గాని పట్టుకోదు.

2011 తరువాత వచ్చిన యూనివర్సల్ బంధక ద్రవాలు, అంటే ఆమ్లం విడిగా పూసినా పూయకపోయినా పనిచేసే ఒకే సీసా ద్రవాలు, ఈ కళాశాలల తొలి పట్టభద్రులకు ఇంచుమించు సమకాలికాలు. వీటిలో చాలావరకు కురారే సంస్థ 1980ల తొలినాళ్లలో రూపొందించిన ఎండిపి అనే అణువు ఉండి, పంటి కాల్షియంతో రసాయన బంధం ఏర్పరుస్తుంది. ద్రవం మెరుగైంది, దీపం మెరుగైంది, సీసా మీది అంకె మాత్రం పది సెకన్ల దగ్గరే నిలిచింది. చదరపు సెంటీమీటరుకు 3000 మిల్లీవాట్ల దీపాలు మళ్లీ మూడు సెకన్లు చాలునంటూ ఇటీవల వచ్చాయి. వాటిని తయారుచేసిన వారే ఆ పద్ధతిని దానికోసం ప్రత్యేకంగా మలచిన పదార్థాలకు పరిమితం చేశారు. ప్లాస్మా ఆర్క్ కాలంలో లేని జాగ్రత్త ఇది.

కాంతి అసలే చేరని చోటు ఒకటి మిగిలింది. వేరు చికిత్స చేసిన పంటి వేరులోకి గాజునారల కడ్డీని దించి అంటించేటప్పుడు, పది మిల్లీమీటర్ల లోతున చీకట్లో ఉన్న బాండ్‌కు ఇరవై సెకన్లు గాని అరవై గాని ఇచ్చినా అందే కాంతి అతిస్వల్పం. అందుకని కొంత కాంతితో, కొంత తనంతట తాను బిగిసే ద్వంద్వ సిమెంట్లు వచ్చాయి. రెండు ముద్దలు కలపడం, పెరాక్సైడ్, అమీన్ అన్నీ మళ్లీ అక్కడ తిరిగి వచ్చాయి. ఆమ్ల గుణం గల ఒకే సీసా బాండ్ మీద ఈ సిమెంటు పెడితే, గట్టిపడని పైపొరలోని ఆమ్లం అమీన్‌ను పట్టి ఉంచి, కలిపిన ముద్ద సరిగ్గా ఆ హద్దు దగ్గరే బిగియకుండా చేస్తుంది. దాన్ని సరిచేయడానికి తయారీదారులు బాండ్‌లో కలపమని మరొక చిన్న సీసా ఇవ్వసాగారు, కొందరు అమీన్ అవసరం లేని కొత్త ప్రారంభకాలను వెదికారు.